ఫ్రిస్కో ఇల్లు, షాద్‌నగర్ ప్లాటు: పూచీ ఎవరిది?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇక్కడ షాద్‌నగర్ దగ్గరో, మంగళగిరి చుట్టుపక్కలో ఒక ప్లాటు కూడా ఉంటుంది. రెండింటికీ పెట్టింది ఒకే చెమట, ఒకే జీతం. కొన్న తీరులు మాత్రం వేరు. ఫ్రిస్కోలో టైటిల్ కంపెనీ ఆఫీసులో కూర్చుని కాగితాల కట్ట మీద సంతకాలు పెడతారు. డబ్బు ఆ కంపెనీ ఎస్క్రో ఖాతాలో పడుతుంది, కొన్నాళ్లకు ఓనర్స్ పాలసీ అనే హక్కు బీమా పత్రం ఇంటికొస్తుంది. షాద్‌నగర్‌లో డాక్యుమెంట్ రైటర్ దగ్గర దస్తావేజు రాయించుకుని, సబ్‌రిజిస్ట్రార్ ముందు ఫొటో దిగి, వేలిముద్ర వేసి బయటికొస్తారు. అంతకుముందు ఒక లాయరుగారి లీగల్ ఒపీనియన్ తీసుకుని ఉంటే, జాగ్రత్తపరులన్నమాట.

ఈ రెండు కొనుగోళ్లనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది. అమెరికాలోని మనవాళ్లలో రియల్టర్లు, లోన్ ఆఫీసర్లు అయినవాళ్లున్నారు, టైటిల్ ఏజెన్సీ వైపు చూస్తున్నవాళ్లూ ఉన్నారు. ఇక్కడేమో ఏడాదికోసారైనా ‘మనకూ టైటిల్ ఇన్సూరెన్స్ వస్తే భూతగాదాలు తీరిపోతాయి’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. ఏ సగం నిజమో చెప్పడానికే ఈ పోలిక.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. అమెరికాలో ప్రభుత్వమే హక్కుకు హామీ ఇస్తుందని ఇక్కడ చాలామంది నమ్మకం. చాలా రాష్ట్రాల్లో ఇవ్వదు. కౌంటీ రికార్డర్ ఆఫీసు చేసే పని, తెచ్చిన దస్తావేజును నమోదు చేసి భద్రపరచడం వరకే. అమ్మినవాడు నిజంగా యజమానా కాదా అని ఆ ఆఫీసు తేల్చదు. మన 1908 రిజిస్ట్రేషన్ చట్టమూ అంతే. రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఇంకా చెప్పాలంటే రికార్డు అమరికలో మనదే ఒక మెట్టు పైన. చాలా అమెరికా కౌంటీల్లో పాత సూచికలు అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు మీదే నడుస్తాయి. మన చట్టం ఆస్తిని బట్టి కూడా సూచిక ఉంచమంది. సర్వే నంబరు చెబితే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయగలుగుతున్నామంటే, 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చూడగలుగుతున్నామంటే దానివల్లే. ఆ ఏర్పాటు లేకనే అమెరికాలో ప్రైవేటు కంపెనీలు ఆస్తుల వారీగా సొంత రికార్డు భాండాగారాలు పెంచుకున్నాయి. వాటిని టైటిల్ ప్లాంట్లంటారు.

కనుక మొదలు రెండు చోట్లా ఒకటే. తేడా ఆ తర్వాత వచ్చింది. అది వచ్చిన సంవత్సరం కూడా చెప్పవచ్చు.

1868లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ‘వాట్సన్ వర్సెస్ మ్యూర్‌హెడ్’ కేసు తేల్చింది. ఫిలడెల్ఫియాలో వాట్సన్ అనే ఆయన ఆస్తి కొన్నాడు. కాగితాలు చూసిపెట్టిన మ్యూర్‌హెడ్‌కు, అమ్మకందారు మీద కోర్టు తీర్పు అప్పులున్నాయని తెలుసు. ఒక న్యాయవాదిని అడిగాడు. అవి ఈ ఆస్తికి తగలవని ఆయన చెప్పాడు. ఆ మాట మీద మ్యూర్‌హెడ్ సరేనన్నాడు, వాట్సన్ కొన్నాడు. ఆ అప్పు ఆస్తికి తగలనే తగిలింది, వాట్సన్ డబ్బు పోయింది. మ్యూర్‌హెడ్ కట్టాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదని కోర్టు చెప్పింది. తగిన శ్రద్ధతో, న్యాయవాది సలహా మీద నడుచుకున్నవాడు నిర్లక్ష్యం చేసినట్టు కాదు కనుక నష్టపరిహారం లేదు. ఎవరూ తప్పు చేయలేదు, కొన్నవాడు మాత్రం మునిగాడు. ఆ తీర్పు ఎత్తిచూపిన లోటును పూడ్చడానికి 1874లో పెన్సిల్వేనియా శాసనసభ టైటిల్ బీమా కంపెనీలకు అనుమతినిస్తూ చట్టం చేసింది. 1876లో ఫిలడెల్ఫియాలోనే మొదటి కంపెనీ పుట్టింది. తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా, హక్కులో లోపం ఉంటే డబ్బు కట్టే ఒకరు ఉండాలన్నది దాని మూలసూత్రం.

ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న ఒక న్యాయవాది ఇచ్చిన లీగల్ ఒపీనియన్ల మీద గృహరుణాలు మంజూరయ్యాయి, తర్వాత ఆస్తి పత్రాలు నకిలీవని తేలింది. సీబీఐ ఆయన్నూ కుట్రలో నిందితుణ్ణి చేసింది. 2012లో సుప్రీంకోర్టు ఆయన మీద కేసు చెల్లదంది. అభిప్రాయం తప్పైనంత మాత్రాన నేరం కాదు, మోసంలో చేయి కలిపినట్టు రుజువుండాలి. నిర్లక్ష్యమైతే అది వేరే సంగతి. న్యాయంగా చూస్తే ఆ తీర్పు సరైనదే. లాయరు మనిషి, పొరపడవచ్చు. పొరపడిన ప్రతిసారీ జైలంటే ఎవరూ అభిప్రాయం రాయరు. తర్వాత 2024 మేలో సుప్రీంకోర్టు మరో తీర్పులో న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని చెప్పింది. అంటే లీగల్ ఒపీనియన్ నమ్మి ప్లాటు కొని నష్టపోయినవాడు వినియోగదారుల ఫోరానికి కూడా వెళ్లలేడు. సివిల్ కోర్టులో నిర్లక్ష్యాన్ని రుజువు చేసుకోవడం ఒక్కటే దారి. శ్రద్ధగా చూసినా దొరకని లోపమైతే ఆ దారీ మూసుకున్నట్టే.

పెన్సిల్వేనియా కేసు సివిల్, హైదరాబాద్ కేసు క్రిమినల్. రెండూ ఒకటేనని వాదించడం లేదు. కానీ కొనుగోలుదారు నిలబడ్డ చోటు మాత్రం ఒకటే. వాట్సన్ 1868లో ఎక్కడున్నాడో షాద్‌నగర్ ప్లాటు కొన్న మనిషి ఈ రోజు అక్కడే ఉన్నాడు. పెన్సిల్వేనియావాళ్లు ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు చట్టం చేసుకున్నారు. మన తీర్పులు వచ్చాయి, వాటి పర్యవసానంగా రావలసిన చట్టం రాలేదు.

ఇక మనుషుల్ని పోల్చుదాం. ఇక్కడ లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయరు, అక్కడ టైటిల్ ఏజెంట్.

లాయరుగారిది లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో నమోదు, ఏళ్ల అనుభవం. లింకు డాక్యుమెంట్లు వరుసగా పెట్టుకుని, పహాణీలు, 1-బీ, పాస్‌బుక్కు, ఈసీ చూసి, 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వెతికి, వారసుల ధ్రువపత్రం అడిగి, పేపరు ప్రకటన వేయించమంటారు. మంచి లాయరు చేతిలో ఇది నిజమైన విద్య. ముప్పై ఏళ్ల కిందటి భాగపరిష్కార దస్తావేజులో ఒక కూతురి సంతకం లేదని పట్టుకోగలిగే కన్ను పుస్తకాలతో రాదు.

టైటిల్ ఏజెంట్ కావడానికి అంత చదువక్కర్లేదు. ఫ్లోరిడాలో 18 ఏళ్లు నిండినవారు 40 గంటల కోర్సు చేసో, ఏడాది పని అనుభవం చూపో పరీక్ష రాయవచ్చు. వేలిముద్రలు ఇవ్వాలి, పాసయ్యాక ఏదైనా టైటిల్ బీమా కంపెనీ నియమించుకోవాలి. అక్కడితో వ్యక్తి లైసెన్సు అయింది. సొంత ఏజెన్సీ పెట్టాలంటే వేరే లైసెన్సు. అప్పుడే అసలు సంగతి వస్తుంది: 35,000 డాలర్ల డిపాజిట్ గానీ ష్యూరిటీ బాండ్ గానీ చూపాలి. పనిలో పొరపాట్లకు బీమా ఉండాలి. ఉద్యోగుల నమ్మకద్రోహానికి మరో బాండ్ ఉండాలి. టెక్సస్‌లో కట్టుబాటు మరో రకం. ఏ కౌంటీలో వ్యాపారం చేస్తారో ఆ కౌంటీకి టైటిల్ ప్లాంట్ సొంతంగానో అద్దెకో ఉంటేనే ఏజెంటు. డబ్బు ముట్టుకునే ఎస్క్రో ఆఫీసర్‌కూ రాష్ట్ర బీమా శాఖ లైసెన్సు కావాలి. జార్జియాలో క్లోజింగ్, అంటే సంతకాలూ డబ్బూ చేతులు మారే చివరి ఘట్టం, న్యాయవాది చేతుల మీదుగానే జరగాలి, అక్కడ టైటిల్ ఏజెంటూ లాయరే అయివుండటం మామూలు. న్యూయార్క్ మాత్రం 2014 దాకా టైటిల్ ఏజెంట్లకు లైసెన్సే అడగలేదు. ‘అమెరికాలో ఎలా?’ అని అడిగే మనవాళ్లకు ముందు చెప్పవలసిన జవాబు ‘ఏ రాష్ట్రంలో?’

చదువులో మన లాయరుది పైచేయి. వెనక ఉన్న డబ్బులో ఏజెంటుది పైచేయి. ఏజెంటు చూపు తప్పినా పాలసీ మీద సంతకం పెద్ద బీమా కంపెనీది. నష్టం కట్టేది అదే. ఏజెంటు ఆ కంపెనీకి జవాబుదారీ. నేను ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసి వస్తే, పరిశీలనకు మన లాయరునే ఎంచుకుంటాను. ఆ పరిశీలన ఫలితం మీద నా పొదుపంతా పెట్టవలసి వస్తే మాత్రం నాకు ఆ బీమా పాలసీ కావాలి.

ఏజెంటు ఉద్యోగంలో రోజువారీ పని బీమా అమ్మడం కాదని ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు తెలుసుకోవాలి. రికార్డు వెతకడం, పాత తనఖా తీరినట్టు రశీదు నమోదు కాకపోతే ఆ బ్యాంకును వెంటాడి తెప్పించడం, విడాకుల తీర్పులో ఇల్లు ఎవరికి పోయిందో చదవడం, చనిపోయిన యజమాని వీలునామా ప్రొబేట్ అయిందో లేదో చూడటం, ఇంటిపన్ను బకాయి లెక్కకట్టడం. ఇవన్నీ చూశాక కమిట్‌మెంట్ అనే కాగితం ఇస్తారు. ఇవి పూర్తిచేస్తే పాలసీ ఇస్తాం, వీటికి మాత్రం పూచీ లేదు అని రెండు జాబితాలు అందులో ఉంటాయి. చివరి రోజు లక్షల డాలర్లు ఆ ఏజెన్సీ ఖాతాలోంచి కదులుతాయి. దొంగ ఈమెయిల్‌తో ఖాతా నంబరు మార్చి ఆ డబ్బు కాజేసే ముఠాలు ఈ రంగాన్ని కాచుకుని ఉన్నాయి. ఫోన్‌లో మనిషి గొంతు విని నిర్ధారించుకోకుండా ఒక్క వైరూ పంపని క్రమశిక్షణ లేనివాళ్లు ఈ పనిలోకి దిగకూడదు.

కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే ఆ కమిట్‌మెంటే మొత్తం వ్యవహారానికి గుండెకాయ. చాలామంది దాన్ని చదవకుండానే క్లోజింగ్‌కు వెళతారు. ఇది బాధ కలిగించే సంగతి. పాలసీ రెండు రకాలు. లెండర్స్ పాలసీ అప్పిచ్చిన బ్యాంకును కాపాడుతుంది, కొన్నవాడిని కాదు. దాని ఖర్చు తాను భరించాడు కనుక తనకే రక్షణ అనుకునే మొదటిసారి కొనుగోలుదారులు ఎందరో. తనకోసం ఓనర్స్ పాలసీ వేరుగా ఉండాలి. ప్రీమియం ఒక్కసారే, ఇల్లు తనదో తన వారసులదో అయినంత కాలం పూచీ నిలుస్తుంది. ఫ్లోరిడాలో రాష్ట్రం నిర్ణయించిన రేటు మొదటి లక్ష డాలర్లకు వెయ్యికి 5.75, ఆపైన పది లక్షల దాకా వెయ్యికి 5. నాలుగు లక్షల ఇంటికి 2,075 డాలర్లు. దానితోపాటే తీసుకుంటే లెండర్స్ పాలసీకి అదనంగా పడేది స్వల్పం. టెక్సస్‌లో అది 100 డాలర్లు. టెక్సస్‌లోనూ ప్రీమియం రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరకెళ్లినా ఒకటే. ఓనర్స్ పాలసీ ఖర్చు అమ్మకందారుదా కొనుగోలుదారుదా అన్నది బేరం మీద, ఊరి ఆనవాయితీ మీద ఆధారపడుతుంది. ఫ్లోరిడాలో చాలా కౌంటీల్లో అమ్మేవాడిది, మయామీ-డేడ్‌లో, బ్రోవర్డ్‌లో కొనేవాడిది.

హద్దుల సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన ప్లాట్ల తగాదాల్లో పెద్ద భాగం హద్దుల తగాదాలే కదా. టెక్సస్ మామూలు పాలసీ హద్దుల తేడాలకు, పక్కవాడి గోడ చొచ్చుకురావడానికి పూచీ ఇవ్వదు. మంచి సర్వే చూపి, ఇంటికైతే ప్రీమియంలో మరో 5 శాతం కడితే ఆ మినహాయింపును కుదిస్తారు. అప్పుడు విస్తీర్ణం తగ్గడం ఒక్కటే పూచీ బయట మిగులుతుంది. అడిగితేనే దొరికే ఈ రక్షణ గురించి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెబుతారని కూర్చోకూడదు.

ఇంతవరకూ అమెరికా పద్ధతి మెరుగ్గా కనిపించింది. ఇప్పుడు దాని లోపం చూడాలి, అది చిన్నది కాదు.

2007లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు ఈ రంగాన్ని పరిశీలించింది. వసూలైన ప్రీమియంలో నష్టాల కింద చెల్లించేది సుమారు 5 శాతమేనని, ఏజెంట్ల వాటా 70 శాతం పైచిలుకని ఆ నివేదికలో తేలింది. టెక్సస్‌లో నేటికీ ప్రీమియంలో 85 శాతం ఏజెంటుది, 15 శాతమే బీమా కంపెనీది. వ్యాపారంలో సింహభాగం ఫిడెలిటీ నేషనల్, ఫస్ట్ అమెరికన్, ఓల్డ్ రిపబ్లిక్, స్టూవర్ట్ అనే నాలుగు గ్రూపులది.

కంపెనీలు దీనికి చెప్పే జవాబులో పస ఉంది. కారు బీమా జరగబోయే ప్రమాదానికి, టైటిల్ బీమా జరిగిపోయిన లోపానికి. జరిగిపోయినదాన్ని వెతికి సరిచేయవచ్చు, కనుక డబ్బంతా ఆ వెతుకులాటకే పోతుంది, నష్టం తక్కువగా ఉండటమే పని బాగా జరిగిందనడానికి గుర్తు. ఒప్పుకుంటాను. కానీ వెతుకులాటకయ్యే ఖర్చు ఇంటి ధరను బట్టి పెరగదు. రెండు లక్షల ఇంటి రికార్డు, ఎనిమిది లక్షల ఇంటి రికార్డు వెతకడానికి పట్టే శ్రమ ఇంచుమించు ఒకటే. ప్రీమియం మాత్రం ధరతోపాటు ఎక్కుతుంది. పైగా కొనేవాడు టైటిల్ కంపెనీని తానుగా ఎంచుకోవడం అరుదు, రియల్టరో లెండరో చెప్పినచోటికి వెళతాడు. అందువల్ల ఏజెన్సీలు పోటీపడేది కొనుగోలుదారుడి మెప్పు కోసం కాదు, రియల్టర్ సిఫార్సు కోసం. 1974లోనే రెస్పా చట్టం ఇలాంటి సిఫార్సులకు కమీషన్ ముట్టజెప్పడాన్ని నిషేధించింది. ఫలానా టైటిల్ కంపెనీలోనే పాలసీ తీసుకోవాలని అమ్మకందారు పట్టుబట్టకూడదంది, అలా పట్టుబట్టినవాడు ఆ ఖర్చుకు మూడింతలు చెల్లించాలి. ఐనా రియల్టీ సంస్థ, టైటిల్ ఏజెన్సీ ఒకే యజమాని కింద ఉండటానికి, ఆ సంగతి కాగితం మీద తెలియజేయడం వంటి షరతులతో, దారి ఉంది. రియల్టర్‌గా స్థిరపడి పక్కనే టైటిల్ ఏజెన్సీలో వాటా తీసుకోవాలనుకునే మనవాళ్లు ఈ చోట ఆగి ఆలోచించాలి. తెలుగు అసోసియేషన్‌లో పరిచయం, గుడిలో పరిచయం, పిల్లల తెలుగు బడిలో పరిచయం: ఈ నమ్మకం మీద వచ్చే కుటుంబానికి ‘ఇందులో నాకు వాటా ఉంది, మీరు వేరే చోటికీ వెళ్లవచ్చు’ అని నోటితో చెప్పాలి. కాగితంలో చిన్న అక్షరాల్లో రాస్తే చట్టానికి సరిపోతుందేమో, మనవాళ్ల మధ్య ఉన్న నమ్మకానికి సరిపోదు.

అక్కడ పూచీ ఉంది, ధర ఎక్కువ. ఇక్కడ ధర తక్కువ, పూచీ లేదు. ఈ రెండింటి మధ్య దారి లేదా? అమెరికాలోనే ఉంది. అయోవా రాష్ట్రం 1947లో తన గడ్డ మీద టైటిల్ బీమా అమ్మకాన్ని నిషేధించింది. ఒక పెద్ద కంపెనీ కోర్టుకెక్కితే 1977లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. అక్కడ పాత పద్ధతే నడిచింది: అబ్‌స్ట్రాక్టర్ లింకు కాగితాల సారాంశం తయారుచేస్తాడు, లాయరు అది చదివి అభిప్రాయం రాస్తాడు. అచ్చం మన పద్ధతి. ఐతే వేరే రాష్ట్రాల బ్యాంకులకు పూచీ కాగితం కావాలి కదా. 1985లో రాష్ట్రం తానే టైటిల్ గ్యారంటీ విభాగం పెట్టింది. లాయరు అభిప్రాయం ఆధారంగా ఆ విభాగం హామీపత్రం ఇస్తుంది. లోపం బయటపడితే నష్టం అదే భరిస్తుంది. సాధారణ ఇంటికి ఆ పత్రం ఖర్చు రెండు వందల డాలర్ల లోపే. అబ్‌స్ట్రాక్టుకు, లాయరుకు ఫీజులు వేరుగా ఉన్నా మొత్తం మీద కొనేవాడికి చవక. మిగులు సొమ్ము రాష్ట్రంలో గృహవసతి పథకాలకు వెళుతుంది.

టైటిల్ బీమా గురించి ఇక్కడ మాట్లాడేవాళ్లు టెక్సస్ వైపు, ఫ్లోరిడా వైపు చూస్తారు, అయోవా పేరెత్తరు. మనకు దగ్గరి చుట్టం అదే. మన దగ్గర లాయర్లున్నారు, ఒపీనియన్లున్నాయి, ఈసీ ఉంది. లేనిది ఆ ఒపీనియన్ వెనక నిలబడే నిధి ఒక్కటే. బార్ కౌన్సిల్‌లో నమోదై, తగిన అనుభవమున్న లాయర్లను ఎంపికచేసి, ఒక నమూనా ప్రకారం ఒపీనియన్ రాయించి, దానికి రాష్ట్రమే కొద్దిపాటి రుసుముతో హామీపత్రం ఇస్తే, ఉన్న వ్యవస్థను కూల్చకుండానే కొనుగోలుదారుకు ఒక ఆసరా దొరుకుతుంది.

ప్రైవేటు బీమాను ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. బీమా కంపెనీ తనకు తెలియని ప్రమాదాన్ని మినహాయింపుల జాబితాలో పెడుతుంది. మన భూముల్లో తగాదా పుట్టే చోట్లు ఏవి? నోటిమాట పంపకం. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా. 1977 చట్టం కింద అమ్మకూడని అసైన్డ్ భూమి. దేవాదాయ, వక్ఫ్ భూములు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా, 2020లో వినీతా శర్మ కేసు తీర్పు తర్వాత దీన్ని ఏ పరిశీలకుడూ తేలిగ్గా తీసుకోలేడు. ఎక్కడో జిల్లా కోర్టులో పెండింగ్‌లో ఉండి ఈసీలో కనిపించని దావా. పన్నెండేళ్లుగా ఇంకొకరు దున్నుతున్న చెలక. 2011లో సుప్రీంకోర్టు జీపీఏ మీద అమ్మకం హక్కునివ్వదని చెప్పాక కూడా చేతులు మారుతూ వచ్చిన పాత జీపీఏ ప్లాట్లు. ఇవన్నీ మినహాయింపుల్లోకి పోతే పాలసీలో మిగిలేదేమిటి? ప్రీమియం కట్టినవాడు తనకు రక్షణ ఉందని నమ్మి, అసలు ప్రమాదం ఎదురైన రోజు ఆ పేజీ తెరిచి చూసుకుంటాడు. ఇప్పుడున్న పరిస్థితికన్నా అది అన్యాయం, ఎందుకంటే ఇప్పుడు కనీసం తనకు పూచీ లేదని అతనికి తెలుసు.

ప్రభుత్వమే హక్కు తేల్చి హామీ ఇచ్చే మూడో పద్ధతి ఉంది. రాబర్ట్ టోరెన్స్ 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆరంభించినది. రిజిస్టరులో ఎవరి పేరుంటే హక్కు వారిదే. ఆ నియమంవల్ల అన్యాయంగా నష్టపోయినవారికి ప్రభుత్వ నిధి నుంచి పరిహారం. ఈ రెండో సగం లేకుండా మొదటి సగం నిలవదు. కాలిఫోర్నియా ఈ పద్ధతి పెట్టుకుంది. 1937లో ఒకే ఒక్క తీర్పు దాని నిధిని ఖాళీ చేసింది, 1955లో ఆ చట్టమే రద్దయింది. చికాగో ఉన్న కుక్ కౌంటీ 1897లో మొదలుపెట్టి 1990ల్లో వదిలేసింది. మిన్నెసోటాలో ఇప్పటికీ నడుస్తోంది.

ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఈ దారినే పోవాలనుకుంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. టైట్లింగ్ అధికారి నమోదు చేసిన హక్కును రెండేళ్లలో ఎవరూ సవాలు చేయకపోతే అది తిరుగులేనిది అవుతుంది. తగాదాలు సివిల్ కోర్టుకు వెళ్లవు. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, 2024 ఎన్నికల్లో అది ఊరూరా మాట్లాడుకున్న విషయమైంది, కొత్త ప్రభుత్వం వచ్చాక జూలైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. ఆ భయంలో రాజకీయం ఎంత ఉన్నా, పునాదిలో న్యాయముంది. వలసపోయిన కూలీ, హైదరాబాద్‌లో చదువుకుంటున్న వారసుడు, ఫ్రిస్కోలో ఉన్న కొడుకు రెండేళ్లలో రికార్డు చూసుకుని అభ్యంతరం చెబుతారని ఎలా అనుకోగలం? తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్‌లో పేరు తప్పుపడ్డ రైతులు దిద్దుబాటు కోసం పడ్డ అగచాట్లు ఈ భయానికి సాక్ష్యం. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలుకు దారులు తిరిగి తెరిచింది. అది మంచి అడుగు. పరిహారం ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నా ఎంపిక చెప్పేస్తాను. టోరెన్స్ మన రికార్డులు బాగుపడ్డాక ఆలోచించవలసినది. టెక్సస్ మాదిరి ఖరీదైనది, మన భూములకు మినహాయింపుల పుట్ట అవుతుంది. అయోవా మాదిరి ఇప్పుడే, పట్టణ ప్లాట్లతో, అపార్టుమెంట్లతో మొదలుపెట్టవచ్చు. చట్టంలో దానికి ఒక తలుపు తెరిచే ఉంది. 2016 రేరా చట్టం 16వ సెక్షన్ ప్రాజెక్టు భూమి హక్కుకు ప్రమోటరే తన ఖర్చుతో బీమా చేయించాలని, అమ్మకం ఒప్పందం జరిగినప్పుడు ఆ రక్షణ కొనుగోలుదారుకు బదిలీ కావాలని చెబుతోంది. ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది విధి అవుతుంది. 500 చదరపు మీటర్లు, లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టులకే రేరా వర్తిస్తుంది కనుక రైతు దగ్గర నేరుగా కొన్న ప్లాటు దాని గొడుగు కిందికి రాదు. ఐనా మొదలు పెట్టడానికి ఆ మేరకు చాలు. నోటిఫై చేసేటప్పుడు ఒక షరతు రాయాలి: పూచీ లేని అంశాల జాబితా తెలుగులో, అడ్వాన్సు తీసుకోకముందే కొనేవాడి చేతికివ్వాలి. ఆ జాబితాలో ఏ సర్వే నంబరు మీద ఏ దావా ఉందో, ఏ వారసుడి సంతకం లేదో పేరు పేరునా ఉండాలి.